తొలి బండిగా చవక సెకండ్ హ్యాండ్ మోటార్‌సైకిల్: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు కొనాలా, వద్దా అని తేల్చుకొనే క్రమం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు నుంచి పాఠకులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. ఇరవై, ముప్పై వేల రూపాయలకు పాత బండి దొరుకుతోంది, బండి నడపడం ఇంకా కొత్త, తీసుకోవచ్చా అన్నది ఆ ప్రశ్న. దీనికి ఒక్క మాటలో సమాధానం లేదు గానీ, సమాధానం చేరుకొనే క్రమం ఒకటి ఉంది.

ఆ క్రమం ఇది: ముందు మీ అవసరం, తరువాత డబ్బు, తరువాత కాగితాలు, ఆ తరువాతే బండి, చివరగా ధర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రంగు నచ్చగానే బయానా ఇచ్చి, కాగితాల సంగతి ఆ తరువాత అడుగుతారు. సరిహద్దు జిల్లాల్లో ఈ తలకిందుల పద్ధతికి చెల్లించవలసిన మూల్యం మిగతా చోట్లకన్నా ఎక్కువ. ఎందుకో మూడవ భాగంలో వివరిస్తాను.

1. బండి చూడకముందు మీ సంగతి తేల్చుకోండి

మొదటి ప్రశ్న లైసెన్సు. గేరు బండికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, దాన్ని తీసుకున్న ముప్పై రోజుల తరువాత శాశ్వత లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో అయిదు వేల రూపాయల జరిమానా ఉంది. మైనర్ చేతికి బండి ఇస్తే శిక్ష తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి పడుతుంది. 2019 సవరణ ప్రకారం అది పాతిక వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. కాబట్టి ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడి కోసం "ముందు చవకది కొందాం" అని ఆలోచిస్తున్నవారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

రెండవ ప్రశ్న, మీరు ఇప్పటికే కొంచెమైనా నడపగలరా అన్నది. అసలు నడపడం రానివారు పాత బండి కొని దానిమీదే నేర్చుకోవాలనుకోవడం సహజమే. కానీ బండి బ్రేకు బాగుందో లేదో, క్లచ్ జారుతోందో లేదో చెప్పగలగాలంటే బాగున్న బండి ఎలా ఉంటుందో చేతికి తెలిసి ఉండాలి. అందుకని ముందు బంధువుల దగ్గరో స్నేహితుల దగ్గరో ఉన్న మంచి బండి మీద, లెర్నర్ లైసెన్సుతో, అనుభవజ్ఞుడిని వెంట ఉంచుకొని, ఖాళీ మైదానంలో నేర్చుకోండి. బండి వెతకడం ఆ తరువాత మొదలుపెట్టండి.

మూడవ ప్రశ్న దారి. బరంపురం పట్టణంలో ఇంటి నుంచి అంగడికి తిరగడం వేరు, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లడం వేరు. ఘాట్ దిగేటప్పుడు బలహీనమైన బ్రేకు, అరిగిన టైరు, చేయి తిరగని చోదకుడు, ఈ మూడూ ఒకేసారి కలవకూడదు. మీ రోజువారీ దారిలో ఘాట్ ఉంటే చవక బండి అన్న ఆలోచనను కొంతకాలం వాయిదా వేయమని నా సలహా.

ఈ కింది వాటిలో ఒక్కటైనా మీకు వర్తిస్తే ఇప్పుడు కొనవద్దు:

- బండి ఒక రోజు ఆగిపోతే ఉద్యోగమో కూలియో పోయే పరిస్థితి ఉంది.
- కొనడానికే డబ్బంతా సరిపోతుంది, చేతిలో ఏమీ మిగలదు.
- మీ తరఫున బండి చూడడానికి నమ్మకమైన మెకానిక్ గానీ, అనుభవమున్న మనిషి గానీ లేరు.
- శాశ్వత లైసెన్సు గానీ, లెర్నర్ లైసెన్సు గానీ ఇంకా తీసుకోలేదు.

2. చేతిలో ఉన్న డబ్బును విడదీయండి

మీ దగ్గర ముప్పై అయిదు వేలు ఉంటే మీరు వెతకవలసింది ముప్పై అయిదు వేల బండి కాదు, ఇరవై మూడు, ఇరవై నాలుగు వేల బండి. మూడింట ఒక వంతు పక్కన ఉండాలి. చవక బండికి మొదటి రెండు నెలల్లో టైర్లు, చైన్ స్ప్రాకెట్ సెట్టు, బ్యాటరీ, బ్రేకు షూలు, కేబుళ్లు, ఇవన్నీ కాకపోయినా వీటిలో కొన్ని తప్పకుండా మార్చవలసి వస్తుంది. వీటి ధరలు మీ ఊరి విడిభాగాల దుకాణంలో ముందే అడిగి కాగితం మీద రాసుకోండి, బేరమాడేటప్పుడు ఆ కాగితమే మీకు బలం.

బీమా, పేరు మార్పిడి, హెల్మెట్ కూడా ఈ లెక్కలోనే ఉండాలి. థర్డ్ పార్టీ బీమాకు, అంటే మీ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టాన్ని భరించే బీమాకు, 2022 జూన్ నుంచి అమలైన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ మధ్య బండికి ఏడాది ప్రీమియం 714 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇది పెద్ద మొత్తం కాదు. ఇంత చిన్న ఖర్చును కూడా మానేసి అమ్మేవాడు బండి తిప్పుతున్నాడంటే, ఇంజిన్ ఆయిల్ ఎంత శ్రద్ధగా మార్చి ఉంటాడో ఊహించవచ్చు.

ఏ రకం బండి అన్న విషయంలో ఎక్కువ తర్జనభర్జన అక్కరలేదు. తొలి బండిగా 100 నుంచి 125 సీసీ మధ్య ఉన్న సాధారణ బండి చాలు. స్ప్లెండర్, ప్లాటినా, షైన్ వంటివి చిన్న చిన్న పల్లెల్లో కూడా బాగు చేయగలరు, విడిభాగాలు దొరుకుతాయి. సుమారు 110 కిలోల బరువుండే స్ప్లెండర్‌ను పడబోతే కొత్తవారు కూడా ఆపగలరు, 190 కిలోలు దాటే బుల్లెట్ జాతి బండిని అలా ఆపడం కష్టం. పాత 150, 180 సీసీ బండి అదే ధరకు వస్తోందంటే కుర్రవాళ్ల చేతుల్లో బాగా నలిగిన బండి కావచ్చునని అనుమానించాలి.

3. నంబరు ప్లేటు ఏ రాష్ట్రానిది?

సరిహద్దులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య ఉన్నది కొద్దిపాటి దూరమే, రాయగడకు పార్వతీపురం, బరంపురానికి ఇచ్ఛాపురం కూడా పొరుగు ఊళ్లే. బండ్లు అటూ ఇటూ చేతులు మారుతూనే ఉంటాయి, కాగితాలు మాత్రం మారవు.

ఓడీ-20 గజపతి, ఓడీ-18 రాయగడ, ఓడీ-10 కోరాపుట్, ఓడీ-07 గంజాం. అటువైపు ఏపీ-30 శ్రీకాకుళం, ఏపీ-35 విజయనగరం. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఏపీ-39 వచ్చింది గనుక ఆ కొత్త నంబర్లలో జిల్లా కోడ్ కనబడదు. ఓఆర్‌తో మొదలయ్యే నంబరు కనిపిస్తే ఆ బండి 2012కు ముందు నమోదైనదని అర్థం.

మీరు ఒడిశాలో నివసిస్తూ ఒడిశాలోనే నమోదైన బండి కొంటే పని సులువు. అమ్మేవారు పద్నాలుగు రోజుల్లో, కొనేవారు ముప్పై రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి. బండి చేతులు మారిందని తెలిపే ఫారం 29, పేరు మార్పిడి దరఖాస్తు ఫారం 30 ప్రధానం.

ఆంధ్ర నంబరు బండి కొంటే ఈ వరుసలో నడవాలి. మొదట అమ్మేవారు తమ ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, మీ జిల్లా ఆర్టీఓ పేరిట తీసుకోవాలి. తరువాత మీరు ఇక్కడ పేరు మార్పిడికి, కొత్త నంబరుకు ఫారం 27తో దరఖాస్తు చేయాలి. ఒడిశాలో బండి వయసును బట్టి మళ్లీ రోడ్డు పన్ను కట్టాలి. ఆంధ్రలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగాన్ని వాపసు కోరే వీలుంది గానీ, ఆ డబ్బు చేతికి వచ్చేదాకా దాన్ని మీ లెక్కలో కలపకండి.

"ఏడాది దాకా ఆ నంబరుతోనే తిప్పుకోవచ్చు" అన్న మాట మీకు తప్పకుండా వినబడుతుంది. ఆ పన్నెండు నెలల గడువు ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరో రాష్ట్రంలో ఉంచుకొన్నప్పుడు కొత్త నంబరు తీసుకోవడానికి సంబంధించినది. యాజమాన్యం మారినట్టు తెలియజేయవలసిన గడువు దానికి పూర్తిగా వేరు. ఈ రెండింటినీ కలిపేసి, ఎవరి పేరునో ఉన్న బండిని ఏళ్ల తరబడి నడుపుతున్నవారు మన జిల్లాల్లో ఎంతోమంది ఉన్నారు.

ఇల్లు పాతపట్నంలో, చదువు పర్లాకిమిడిలో అయితే ఏ రాష్ట్రంలో నమోదు చేయాలన్న సందేహం కూడా వస్తుంది. మీ నివాసమో వ్యాపారమో ఉండి, బండిని మామూలుగా ఉంచే చోటే నమోదు చేయాలని చట్టం చెబుతుంది. ఆధార్ చిరునామా అటువైపు ఉండి, రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లిపోయేవారు ఆంధ్ర బండిని ఆంధ్రలోనే తమ పేరుకు మార్చుకోవడం సరైన దారి.

నా లెక్క ప్రకారం, అయిదారు వేలు తక్కువకు వస్తున్న పొరుగు రాష్ట్రపు బండి కన్నా స్థానిక నంబరు ఉన్న బండే కొత్తవారికి చవక. ఎన్‌ఓసీ అమ్మేవారి చేతిలో సిద్ధంగా ఉంటే మాత్రమే మినహాయింపు. "మీరు తీసుకోండి, ఎన్‌ఓసీ తరువాత ఇప్పిస్తాను" అన్న మాట మీద డబ్బు ఇవ్వకండి.

4. కాగితాలను ఇంట్లో కూర్చొని చూడండి

అమ్మేవారిని ముందుగా ఆర్‌సీ, అంటే బండి నమోదు పత్రం, రెండు వైపులా ఫొటో తీసి పంపమనండి. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. అమ్మేవారు ఫొటో పంపడానికే తడబడితే అక్కడితో వదిలేయండి, బండి చూడడానికి వెళ్లిన తరువాత మనసు మార్చుకోవడం కష్టం.

చూడవలసినవి:

- నమోదు తేదీ, రిజిస్ట్రేషన్ ఎప్పటివరకు చెల్లుతుంది.
- యజమాని పేరు, బండి ఎన్నవ చేతిలో ఉంది.
- అప్పు నమోదు, అంటే హైపోథికేషన్, ఏ ఫైనాన్స్ పేరున ఉంది.
- బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చివరి తేదీలు.
- బ్లాక్‌లిస్ట్ అన్న సూచన ఏదైనా ఉందా.
- ఈ-చలాన్ సైటులో కట్టని జరిమానాలు.

ద్విచక్ర వాహనం నమోదు పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి, రుసుములు కట్టి, అయిదేళ్లకు ఒకసారి పొడిగించుకోవాలి. హీరో, హోండా సంస్థలు విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 డిసెంబరులో. కాబట్టి ట్యాంకు మీద "హీరో హోండా" అని ఉన్న బండికి ఆ పదిహేనేళ్ల గడువు ఇప్పటికే దాటిందో, దాటబోతోందో ఆర్‌సీలో మొదట చూడండి. గడువు తీరిన బండిని పొడిగించే బాధ్యత అమ్మేవారిదే కావాలి. తనిఖీలో బండి నిలబడకపోతే ఆ నష్టం మీ మీద పడకూడదు.

యజమాని చనిపోయి, కుమారుడు అమ్ముతున్న బండ్లు తరచుగా ఎదురవుతాయి. తండ్రి సంతకం లేదు, ఉండదు. ముందుగా ఫారం 31, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రాలతో బండి కుమారుడి పేరుకు మారాలి, ఆ తరువాతే మీకు అమ్మే హక్కు అతనికి వస్తుంది. మనిషి ఎంత మంచివాడైనా ఈ మెట్టు దాటవేయడానికి లేదు.

ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే "అప్పు తీరిపోయింది" అన్న మాట చాలదు. ఫైనాన్స్ వారి లేఖ, అప్పు నమోదును తొలగించడానికి వారి సంతకమున్న ఫారం 35 రెండూ కావాలి. సీజింగ్ బండి అని అమ్మేవాటిలో ఇది మరింత జాగ్రత్తగా చూడాలి. వాయిదాలు కట్టలేనివారి దగ్గర స్వాధీనం చేసుకొన్న బండిని ఫైనాన్స్ సంస్థే రాతపూర్వకంగా అమ్మిందా, మధ్యలో ఎవరో అమ్ముతున్నారా అన్నది తేలాలి. తేలకపోతే ఆ బండి మీది కాదు.

5. చల్లారిన బండిని పగటివేళ చూడండి

"నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దు" అని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ పక్కన చేయి జాగ్రత్తగా దగ్గరకు తీసుకెళ్లి వేడి ఉందేమో చూడండి. వేడిగా ఉంటే స్టార్టింగ్ ఇబ్బందిని దాచడానికి ముందే నడిపి ఉంటారు. కోపపడనక్కరలేదు, మరో ఉదయం వస్తానని చెప్పండి.

మొదట చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. సాధారణంగా చాసిస్ నంబరు హ్యాండిల్ కింద స్టీరింగ్ గొట్టం మీద, ఇంజిన్ నంబరు ఇంజిన్ కేసు మీద ఉంటాయి. మట్టి తుడిచి, ఆర్‌సీతో ఒక్కో అక్షరం సరిపోల్చండి. గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు, చుట్టూ కొత్త రంగు వేసినట్టు ఉంటే ఏ ధరకూ కొనవద్దు.

తరువాత ఫ్రేము. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి వెనుక నుంచి వంగి చూస్తే రెండు చక్రాలు ఒకే గీతలో కనబడాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, అది ఆగే చోట ఫ్రేము మీద నొక్కులు ఉన్నాయేమో చూడండి. గట్టిగా గుద్దుకొన్న బండికి ఆ గుర్తు తరచుగా మిగిలిపోతుంది. వంగిన ఫుట్‌రెస్ట్, పగిలిన వెల్డింగు, ట్యాంకు కింద రంగు తేడా కూడా గమనించండి.

గోపాలపురం, ఇచ్ఛాపురం వంటి తీరప్రాంతపు బండ్లను ఉప్పు గాలి తింటుంది. మడ్‌గార్డ్ లోపలి వైపు, సైలెన్సర్ అడుగు, స్పోకుల మొదళ్లు, సీటు కింద బ్యాటరీ పెట్టె చూడండి. పైపైన తుప్పు గీకితే పోతుంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోయే తుప్పు పోదు.

నీట మునిగిన బండ్ల సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం, గజపతి జిల్లాల్లో వరద ముంచెత్తింది. వంశధార, నాగావళి పొంగినప్పుడల్లా తీరగ్రామాల్లో బండ్లు తడుస్తూనే ఉంటాయి. మునిగిన బండికి హెడ్‌లైటు లోపల మట్టి గీత, మీటరు అద్దం వెనుక మసక, సీటు నురుగులో బురద వాసన, వైర్ల కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము ఉంటాయి. ఇంజిన్ ఆయిల్ కర్ర తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం. నల్లగా ఉంటే భయపడనక్కరలేదు, అది పాత ఆయిల్ మాత్రమే.

పెట్రోలు ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. అడుగున ఎర్రని తుప్పు ఉంటే అది కార్బురేటర్‌ను పదేపదే మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కావడం వల్ల పాత బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు త్వరగా పాడయ్యే అవకాశం ఉంది, గొట్టాన్ని వేళ్లతో నొక్కి పగుళ్లు ఉన్నాయేమో చూడండి.

మిగిలినవి త్వరగా చూడవచ్చు:

- టైరు పక్కన నాలుగు అంకెలు: 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల తక్కువున్నా పక్కల పగుళ్లున్న పాత టైరు మార్చవలసిందే.
- వెనుక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ను వెనక్కు లాగితే పళ్ల మీద నుంచి బాగా పైకి లేస్తోందా.
- ముందు ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ తడి ఉందా.
- ముందు చక్రాన్ని గాలిలో ఉంచి హ్యాండిల్ తిప్పితే మధ్యలో పట్టినట్టు ఆగుతోందా. ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు, అరిగింది.
- వెనుక చక్రాన్ని పక్కలకు ఊపితే ఆట ఉందా.
- మీటరు రీడింగు తక్కువగా ఉండి, ఫుట్‌రెస్ట్ రబ్బరు, బ్రేకు పెడల్, హ్యాండిల్ గ్రిప్పులు నున్నగా అరిగి ఉన్నాయా. ఉంటే రబ్బరును నమ్మండి, మీటరును కాదు.

6. స్టార్ట్ చేసి వినండి

మీరు సైలెన్సర్ వెనుక, కొంచెం పక్కగా నిలబడి, వెంట వచ్చిన మనిషి చేత స్టార్ట్ చేయించండి. కార్బురేటర్ బండికి చలికాలంలో చోక్ వేయడం తప్పు కాదు. రెండు మూడు కిక్కులకు అందుకోవాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బీఎస్-6 బండి అయితే తాళం తిప్పగానే ఇంజిన్ గుర్తు దీపం వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. దీపం అసలు వెలగకపోయినా అనుమానించాలి, బల్బు తీసేసి ఉండవచ్చు.

పొగ రంగు చాలా చెబుతుంది. చల్లని ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది తేమ. నీలి పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, రింగులో వాల్వ్ సీళ్లో పోయాయి, బోరు పని వరకు వెళ్లవచ్చు. నల్లటి పొగ పెట్రోలు ఎక్కువ పోతోందని చెబుతుంది. అది తరచుగా ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ శుభ్రంతో సరిపోతుంది.

పది నిమిషాలు తిరగనివ్వండి. వేడెక్కాక ఒక్కసారి రేసు పెంచి వదిలి, మళ్లీ పెంచినప్పుడు నీలి పొగ గుప్పుమంటుందేమో చూడండి. చల్లగా ఉన్నప్పుడు శుభ్రంగా కనబడిన బండి ఇక్కడ బయటపడుతుంది. వేడెక్కిన బండిని ఆపి వెంటనే మళ్లీ స్టార్ట్ చేయించండి. మొండికేస్తే ఆ లోపం రేపు నడిరోడ్డు మీద మీకు ఎదురవుతుంది.

7. నడిపి చూడడం మీ పని కాదు

కొత్తవారు తెలియని బండిని, బహుశా బ్రేకులు సరిగా లేని బండిని, బజారులో నడపకూడదు. ముందుగా అనుభవజ్ఞుడు నడపాలి, మీరు హెల్మెట్ పెట్టుకొని వెనుక కూర్చోవచ్చు. బీమా లేని బండిని రోడ్డు మీదకు తీయవద్దు, పరీక్ష కోసమైనా అంతే.

నడిపే మనిషికి ఈ పనులు చెప్పండి. చిన్న ఎత్తు మీద మూడవ గేరులో రేసు పెంచినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు పోయాయి. ఏ గేరైనా బరువు పడినప్పుడు దానంతట అది జారి న్యూట్రల్‌కు వస్తే గేర్‌బాక్సు తెరవాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగకూడదు. డ్రమ్ బ్రేకు అయితే బ్రేకు మీట దగ్గరున్న బాణం గుర్తు, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు, చివరి గీతను చేరిందేమో ఆగాక చూడండి.

2019 నుంచి 125 సీసీ దాటిన బండ్లకు, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు లోపు వాటికి ఏబీఎస్ గానీ ముందు వెనుక బ్రేకులు కలిసి పడే సీబీఎస్ గానీ తప్పనిసరి అయ్యాయి. మీ డబ్బులో అలాంటి బండి దొరికితే, మెరుపులు తక్కువున్నా దాన్నే ఎంచుకోండి. నేర్చుకొనే చేతికి వర్షాకాలంలో దాని విలువ తెలుస్తుంది.

8. లోపాలను మూడు వరుసలుగా రాయండి

మొదటి వరుసలో బేరానికి పనికొచ్చేవి రాయండి: టైర్లు, చైన్ సెట్టు, బ్యాటరీ, బ్రేకు షూలు, ఫోర్కు సీళ్లు, కోన్ సెట్, అద్దాలు. వీటి మొత్తాన్ని అడిగిన ధరలోంచి తీసివేసి మీ ధర చెప్పండి.

రెండవ వరుసలో ఇంజిన్ బోరు, గేర్‌బాక్సు, క్లచ్, వైరింగు మొత్తం మార్పు ఉంటాయి. వీటిలో ఒకటి ఉంటే మెకానిక్ చేత ఖర్చు రాయించుకొని, అది బండి ధరలో నాలుగో వంతు దాటితే వదిలేయండి. రెండు ఉంటే లెక్క వేయనక్కరలేదు, వదిలేయండి.

మూడవ వరుసలో ఏదైనా ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు: నంబర్లు సరిపోకపోవడం, వంగిన లేదా అతికిన ఫ్రేము, మునిగిన ఆనవాళ్లు, తీరని అప్పు, యజమాని కాని మనిషి అమ్మకం.

9. డబ్బు ఇచ్చే రోజు

డబ్బు ఆర్‌సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే పంపండి. మధ్యవర్తికి ఇవ్వవలసిన కమీషన్ ఉంటే అది వేరుగా. ఆ రోజు మీ చేతికి రావలసినవి:

- అసలు ఆర్‌సీ, రెండో తాళం.
- తేదీ వేసి, మీ పేరు రాసి, సంతకం చేసిన ఫారం 29, ఫారం 30.
- అవసరమైతే ఫారం 28, ఫారం 35.
- అమ్మేవారి ఆధార్ నకలు, చిరునామా, ఫోన్ నంబరు.
- ధర, తేదీ, బండి అప్పగించిన సమయం రాసిన అమ్మకపు పత్రం, ఇద్దరు సాక్షులు.

అప్పగించిన సమయం ఎందుకంటే, ఆ ఉదయం జరిగిన ప్రమాదానికో చలానుకో ఎవరు జవాబుదారీ అన్నది దాన్నిబట్టి తేలుతుంది. ఖాళీ ఫారాల మీద సంతకాలు మాత్రం తీసుకోకండి.

అమ్మేవారు పేరు మార్పిడికి బద్ధకిస్తే వారి లాభం వారికి చెప్పండి. ప్రమాదం జరిగితే రికార్డుల్లో ఎవరి పేరు ఉందో వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అని సుప్రీం కోర్టు 2018లో స్పష్టం చేసింది. ఈ ఒక్క మాట విన్న తరువాత ఆర్టీఓ కార్యాలయానికి తామే తీసుకెళ్లేవారిని చూస్తాం.

బీమా సంగతి మరచిపోకండి. పాత పాలసీలోని థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటు మీకు వస్తుంది గానీ, పద్నాలుగు రోజుల్లో పాలసీని మీ పేరుకు మార్చమని కంపెనీకి దరఖాస్తు చేయాలి. మార్చకపోతే మీ బండికి జరిగిన నష్టానికి పరిహారం మీకు అందదు.

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

*చూడకుండా బయానా ఇవ్వడం.* "ఇంకొకరు వస్తున్నారు" అన్న తొందరకు లోబడి ఇస్తారు. ఇవ్వక తప్పదనుకుంటే చిన్న మొత్తం, కాగితాలు సరిపోకపోతే వాపసు అన్న రాతతో ఇవ్వండి.

*లైసెన్సు లేదని స్నేహితుడి పేరున కొనడం.* బండి అతనిది అవుతుంది, గొడవ మీ ఇద్దరిదీ అవుతుంది. లైసెన్సు వచ్చేదాకా ఆగండి, డబ్బు ఎక్కడికీ పోదు.

*అమ్మేవారి మెకానిక్‌తోనే చూపించడం.* అతను నిజాయితీపరుడే కావచ్చు, అయినా మీ మెకానిక్‌కు ఒక పూట కూలి ఇచ్చి తీసుకెళ్లండి. పోయే డబ్బులో అది అన్నిటికన్నా తక్కువది.

*ఇప్పటికే కొని, పేరు మార్చుకోకుండా తిప్పుతుండడం.* అమ్మినవారు అదే ఊళ్లో, అదే చిరునామాలో ఉండగానే వెళ్లి కలవండి. ఆలస్యానికి రుసుము కట్టవలసి వస్తుంది, కట్టండి. వలస వెళ్లిపోయిన మనిషి సంతకం కోసం వెతకడం కన్నా అది సులువు.

*ఒడియా, ఇంగ్లిషు ఫారాలు చదవలేక ఏజెంటుకు అన్నీ అప్పగించడం.* ఏజెంటును పెట్టుకోండి, కానీ ఏ కాగితాలు ఇచ్చారో జాబితా రాసి సంతకం చేయించుకోండి, ప్రతి కాగితం ఫొటో మీ ఫోనులో ఉంచుకోండి. దరఖాస్తు సంఖ్య మీ చేతికి వస్తే పని ఎక్కడిదాకా వచ్చిందో మీరే పరివాహన్ సైటులో చూసుకోవచ్చు.

11. కొన్న మొదటి వారం

బండి ఎంత బాగా కనిపించినా ముందు షెడ్డుకే తీసుకెళ్లండి. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ మార్పించండి. క్లచ్, బ్రేకు కేబుళ్లు పీచులు లేచి ఉంటే వెంటనే కొత్తవి వేయించండి. రెండు చక్రాల బ్రేకు డ్రమ్ములు తెరిపించి శుభ్రం చేయించండి. టైర్ల గాలి ఎంత ఉండాలో చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది, అది చెరిగిపోతే ఆ బండి మాన్యువల్ చూడండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ లేకపోతే తీసుకోండి, లేకుండా పట్టుబడితే చట్టంలో పది వేల రూపాయల వరకు జరిమానా ఉంది. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొత్తదే కొనండి. పాత బండి కొనవచ్చు గానీ, పాత హెల్మెట్ కొనకూడదు. లోపలి థర్మోకోల్ ఒకసారి దెబ్బ తిన్నదో లేదో బయటికి కనబడదు.

మొదటి నెల పట్టణంలోనే, పగటివేళ, ఒంటరిగా నడపండి. ఆ తరువాత మోహన వైపో, సుంకి వైపో కొండదారి ఎక్కవలసి వస్తే అనుభవమున్నవారి వెనుక వెళ్లండి, దిగేటప్పుడు ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదలకండి. రెండో గేరులో ఇంజిన్ పట్టు మీద దిగుతూ, బ్రేకును ఆగి ఆగి వాడండి. మొదటి ఘాట్ ప్రయాణం తరువాత బ్రేకులు, చైన్ బిగువు, ఆయిల్ మట్టం మళ్లీ ఒకసారి చూపించండి.